చలికాలం కబుర్లు: కూసో అన్నా, చాయ్ తాగుదాం

డిసెంబరు వచ్చిందంటే చాలు, మా సంగారెడ్డి జిల్లా పేరు పేపర్లో తరచూ పడుతుంది. కోహిర్‌లో ఇంత చలి, పటాన్‌చెరు ఇక్రిశాట్ దగ్గర ఇంత చలి అని. మిగతా ఏడాదంతా కాలుష్యం వార్తల్లోనో ప్రమాదాల వార్తల్లోనో కనిపించే పేరు, ఈ రెండు నెలలూ వాతావరణం బాక్సులో మర్యాదగా కూర్చుంటుంది.

గడ్డపోతారంలో మాత్రం చలి సంగతి థర్మామీటరు చెప్పక్కర్లేదు, ముక్కే చెబుతుంది. చలికాలం తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లబడి కిందే ఉండిపోతుంది. దాని మీద వెచ్చటి గాలి గిన్నెకు మూత పెట్టినట్టు నిలుస్తుంది. ఫ్యాక్టరీల వాసన పైకి పోయే దారి లేక ఊళ్లోనే తిరుగుతుంది. పొగమంచుతో పాటు ఫిర్యాదులూ మొదలవుతాయి. ఫిర్యాదు చేసేవాళ్లు చేస్తూనే ఉంటారు, ఈలోగా ఆ వాసన మీద గెలిచేది ఒక్కటే: అల్లం దంచి వేసిన చాయ్.

మా ఊరు తెలియనివారికి రెండు ముక్కలు. మాది జిన్నారం మండలం. ఒక దిక్కు ఖాజీపల్లి, బొల్లారం, ఇంకో దిక్కు బొంతపల్లి. మందుల తయారీకి కావలసిన ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ కంపెనీలు వరసగా ఉంటాయి. మొన్నటిదాకా గ్రామ పంచాయతీ, ఇప్పుడు మున్సిపాలిటీ. పొద్దున రోడ్డు మీద నిలబడితే బిహార్, ఒడిశా, జార్ఖండ్ మాటలు వినిపిస్తాయి, శ్రీకాకుళం యాస వినిపిస్తుంది, నల్లగొండ నుంచి కెమిస్ట్రీ చదివి వచ్చిన పిల్లల మాటలు వినిపిస్తాయి. ఇంతమందికీ ఉమ్మడిగా ఉన్న చోటు ఒక్కటే, గేటు ఎదుటి చాయ్ కొట్టు.

పట్నంలో కాఫీ షాపులవాళ్లు కస్టమర్‌ను ఎలా పలకరించాలి, ఎలా నవ్వాలి అని కుర్రాళ్లకు శిక్షణ ఇస్తారు. మా దగ్గర శిక్షణలు లేవు. కానీ చాయ్ కొట్టు ఎందుకు నిలుస్తుందో, ఎందుకు మూతపడుతుందో గేటు ముందు నిలబడ్డ ఎవరినడిగినా చెబుతారు. ఈసారి కబుర్లన్నీ ఆ కొట్టు చుట్టూనే.

ముందు నీళ్లు, తర్వాత చాయ్

పొద్దున ఆరింటికి ఏ షిఫ్టు ఎక్కుతుంది, సీ షిఫ్టు దిగుతుంది. అంటే ఆరుకు అటూ ఇటూ కొట్టు ముందు రెండు రకాల జనం. లోపలికి పోయేవాళ్లకు తొందర, పంచ్ పడకపోతే సగం రోజు జీతం పోతుంది. బయటికి వచ్చేవాళ్లకు ఒళ్లు అలిసిపోయి కాళ్లు పడవు. ఇద్దరికీ ఒకటే చాయ్, మర్యాదలు మాత్రం వేరు.

మా గేటు ఎదుటి మాస్టర్ ఎక్కేవాళ్లను చూడగానే అడక్కుండానే చాయ్ పోసి పెడతాడు, చిల్లర ముందే చేతిలో ఉంటుంది. దిగేవాళ్లకు చాయ్ వెంటనే ఇవ్వడు. బెంచీ మీద ముందుగా మంచినీళ్ల జగ్గు పెడతాడు. ఎందుకని అడిగాను.

“రాత్రంతా మాస్కు పెట్టుకుని ఉంటరు గదా సార్, గొంతు ఎండుకపోతది. నైట్ దిగినోనికి ముందు నీళ్లియ్యాలె. చాయ్ ఎనుకకు తాగినా ఏం గాదు.”

ఇంకో సంగతి కూడా చెప్పాడు. రాత్రి సాల్వెంట్ దగ్గర పనిచేసి వచ్చినవాడి బట్టల వాసన పక్కవాడికి గుచ్చుకుంటుంది. వాడికీ ఆ సంగతి తెలుసు, అందుకే దూరంగా నిలబడతాడు. మాస్టర్ వాణ్ని పిలిచి బెంచీ చివర, గాలి పోయే వైపు కూర్చోబెడతాడు. కూర్చున్నవాడికి చిన్నతనం లేదు, పక్కవాడికి ఇబ్బంది లేదు. ఇది ఏ శిక్షణలో చెబుతారో నాకైతే తెలియదు.

కంపెనీలో క్యాంటీన్ లేదా అంటారేమో. ఉంటుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ పెట్టించవచ్చు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో ఆ లెక్క 100కు దిగింది, కాంట్రాక్టు లేబర్‌నూ అందులో కలిపే లెక్కించాలి. మంచిదే. కానీ లోపలి చాయ్ బెల్లు మోగినప్పుడు వస్తుంది, బయటి చాయ్ మనసుకు తోచినప్పుడు వస్తుంది. లోపల తాగుతుంటే సూపర్‌వైజర్ చూస్తుంటాడు. బయట అదే సూపర్‌వైజర్ పక్కన నిలబడి తన కప్పు కోసం ఎదురు చూస్తుంటాడు. పదిరూపాయల చాయ్‌లో ఆ సుఖం విలువ సగం ఉంటుంది.

ఫోన్‌పే డబ్బా వచ్చాక ఒక చిన్న మార్పు జరిగింది. ఇదివరకు డబ్బులిచ్చేటప్పుడు మాస్టర్ తలెత్తి మొహం చూసేవాడు. “ఏమన్నా, జ్వరమా?” అనేవాడు. ఇప్పుడు “పది రూపాయలు వచ్చాయి” అని డబ్బా అరుస్తుంటే తలెత్తే పని లేదు. ఖాతా పుస్తకం మాత్రం పోలేదు. నెల చివరికి అందులో పేజీలు నిండుతాయి, ఏడో తారీఖు దాటాక ఒక్కొక్కటే గీతలు పడతాయి. కాంట్రాక్టర్ జీతం ఆలస్యం చేస్తే గీతలూ ఆలస్యమే. ఖాతా ఉన్నవాడు ఊరు మారాలనుకున్నా బాకీ తీర్చి, చెప్పి పోతాడు.

చెప్పి పోయే వీలే దొరకనివాళ్లూ ఉన్నారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి యాభై మందికి పైగా చనిపోయారు. అందులో పొరుగు రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు చాలామంది. ఆ తర్వాత చాలారోజులు మా బెంచీల మీద మాటలు తగ్గాయి. ఏ రిజిస్టర్లో ఎవరి పేరుందో లేదో గానీ, రోజూ వచ్చే మనిషి ఒక పూట రాకపోతే చాయ్ కొట్టుకు తెలుస్తుంది. “నిన్న రాలేదేం?” అని అడిగేవాడు గేటు బయట ఒకడుండటం చిన్న సంగతి కాదు.

స్వాములొచ్చారు

కార్తీకం నుంచి మకరజ్యోతి దాకా చాయ్ కొట్టు ముందు సగం మంది నల్లబట్టల్లోనే. నలభై ఒక్క రోజుల దీక్ష. నిన్నటిదాకా “ఒరేయ్” అని పిలిపించుకున్న లోడింగ్ కుర్రాడు ఇప్పుడు స్వామి. సెక్యూరిటీ గార్డు “స్వామీ, ఐడీ కార్డు చూపించండి స్వామీ” అంటాడు. ఫోర్‌మన్ తిట్టాలనుకుని నోరు మూసుకుంటాడు. ఏటా ఈ రెండు నెలలూ మా పారిశ్రామికవాడలో ఉన్నంత మర్యాద మిగతా పది నెలలూ ఉంటే ఎంత బాగుండునో!

కొట్టువాళ్లు కూడా స్వాములకు విడిగా ఏర్పాట్లు చేస్తారు. స్టౌ పక్కన ఇంకో చిన్న గిన్నె, కొత్త కప్పులు, ఆ వైపు ఎవరూ సిగరెట్ కాల్చకూడదు. కొందరు స్వాములు చాయ్ మానేసి పాలే తాగుతారు, అందుకే ఈ రోజుల్లో బెల్లం వేసిన పాలు కూడా దొరుకుతాయి. మా మాస్టర్ ముస్లిం. స్వాముల గిన్నెను ఆయనే రోజూ ముందుగా తోమి పెడతాడు. దాని గురించి ఎవరూ గొప్పగా మాట్లాడుకోరు, ఎవరూ అడ్డు చెప్పరు.

గ్లాసు పోయి కప్పు

గాజు గ్లాసు మా దగ్గర కనుమరుగవుతోంది. దాదాపు అంతా పేపర్ కప్పే. దీని మీద రెండు మాటలున్నాయి, రెండూ చెప్పాల్సినవే.

మొదటిది చెడ్డమాట. పేపర్ కప్పు లోపల పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లో పరీక్ష చేసి చూశారు. అలాంటి కప్పులో వేడి నీళ్లు పోసి పావుగంట ఉంచితే, వంద మిల్లీలీటర్లకు ఇరవై ఐదు వేల దాకా కంటికి కనపడని ప్లాస్టిక్ నలుసులు దిగుతాయని తేలింది. మనవాళ్లు పావుగంట సేపు చాయ్ చేతిలో పట్టుకోరు, అది వేరే సంగతి. చలికాలం పొద్దున అయితే రెండు గుక్కల్లో అయిపోతుంది. తాగిన కప్పులు మాత్రం కాలువలో చేరతాయి.

రెండోది, ఎవరూ చెప్పని మంచిమాట. తెలుగు ఊళ్లలో హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎన్నేళ్లు సాగిందో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. దళితులకు వేరే గ్లాసు, తాగినవాడే కడిగి పెట్టాలి. ఉమ్మడి రాష్ట్రంలో అంటరానితనం మీద వేసిన జస్టిస్ పున్నయ్య కమిషన్ ఇలాంటి వివక్ష మీద ఊరూరా సాక్ష్యాలు తీసుకుంది. పేపర్ కప్పు వచ్చాక ఒకరు తాగింది ఇంకొకరు తాగే పనే లేదు, అందరిదీ అదే కప్పు. వివక్ష మనసులోంచి పోయిందని నేననను. గ్లాసు రూపంలో బయటపడే వీలు మాత్రం పోయింది. గాజు గ్లాసులు మళ్లీ తేవాలని పర్యావరణ మిత్రులు అడుగుతున్నారు. తప్పక తేవాలి. తెచ్చేటప్పుడు అన్నీ ఒకే తీరువి తేవాలి, కడగడం కొట్టువాడే కడగాలి.

అద్దాల కాఫీ కొట్లు

వీక్లీ ఆఫ్ రోజున మా పిల్లలు బాచుపల్లి, మియాపూర్ వైపు పోతారు. అక్కడ అద్దాల తలుపుల కాఫీ షాపులు. డిసెంబరులో ప్రతి షాపులో ఒక క్రిస్మస్ చెట్టు, గాజు అరలో ప్లమ్ కేకు. మా మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రారంభించారు, కరువు రోజుల్లో జనానికి తిండి దొరకాలని కట్టించిన చర్చి అది. దాని సంబరం ఈ షాపుల అలంకారంలో కనిపించదు గానీ, కేకు బాగానే ఉంటుంది.

అద్దాల కొట్టులో అడుగుపెట్టగానే పలకరింపు వస్తుంది. “గుడ్ ఈవినింగ్ సార్, వెల్‌కమ్.” పలికే కుర్రాడు ఒడిశావాడో అస్సాంవాడో అయి ఉంటాడు. పాపం, ఎనిమిది గంటలు నిలబడి అదే మాట, అదే నవ్వు. ఆ తర్వాత వరసగా ప్రశ్నలు: చిన్నదా పెద్దదా, పాలు మామూలువా బాదంవా, కుకీ జోడించమంటారా, మెంబర్‌షిప్ ఉందా, పేరేంటి? నా పేరు పూర్తిగా చెబితే కప్పు మీద పట్టదు, అందుకని “రావు” అంటాను. తర్వాత “రవ్” అని పిలుస్తారు. పిలిచింది నన్నో కాదో తేల్చుకునేలోగా నురగ దిగిపోతుంది. చివరికి బిల్లుతో పాటు “సార్, ఫైవ్ స్టార్ ఇవ్వండి సార్” అని బతిమాలడం. నక్షత్రాలు తగ్గితే ఆ కుర్రాడికి పైనుంచి తిట్లు పడతాయని తెలిసి ఎవరు ఇవ్వకుండా ఉంటారు? ఆ నక్షత్రాలతో కాఫీ రుచికి సంబంధం లేదు.

బిల్లులో సర్వీస్ చార్జి అని ఒక గీత కనిపిస్తే మాత్రం అడగండి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లే కలపకూడదని చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటను సమర్థించింది. ఇష్టమైతే ఇవ్వాలి, లేకపోతే తీసేయమనాలి. తీయకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు. కౌంటర్ దగ్గరి కుర్రాడి మీద మాత్రం అరవొద్దు, ఆ గీత వేసింది వాడు కాదు.

ఈ షాపుల్లో నాకు నచ్చే పని ఒకటుంది. కేఫ్ కాఫీ డే 1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో మొదలైంది. వాళ్లు చెవులు వినపడని కుర్రాళ్లకు కాఫీ తయారీ నేర్పి చాలా చోట్ల పెట్టుకున్నారు. అలాంటి చోట మనం వేలుతో మెనూ మీద చూపిస్తాం, వాళ్లు కళ్లతో చదువుకుంటారు. “వెల్‌కమ్” అని ఎవరూ అనరు. ఆదరణకు లోటేమీ కనిపించదు.

మాఘంలో ముహూర్తాలు

పుష్యం పోయి మాఘం రాగానే ముహూర్తాలు. ఆ తొందర కాఫీ షాపుల్లో ముందే తెలుస్తుంది. పెద్దవాళ్లు ఇంటికొచ్చి జంతికలు తినకముందే అమ్మాయీ అబ్బాయీ మియాపూర్లో కలుసుకుని మాట్లాడుకుంటున్నారు. అమ్మాయి క్యూసీ ల్యాబులో, అబ్బాయి ప్రొడక్షన్లో. ఇద్దరికీ షిఫ్టులు కలవాలి, అదే పెద్ద జాతకం. నైట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, నిద్ర ఆపుకుని వచ్చిన పెళ్లికొడుకులను నేను చూశాను. ఎదుటి కప్పు కంటే వాళ్ల కళ్లే ఎర్రగా ఉంటాయి.

ఇంకో గుంపు కూడా అక్కడే. ఉద్యోగం మారాలనుకునేవాళ్లు కన్సల్టెన్సీవాళ్లను కాఫీ షాపులోనే కలుస్తారు. మెడలో ఐడీ కార్డు తీసి జేబులో పెట్టుకున్నవాణ్ని చూస్తే అర్థమైపోతుంది. పెళ్లిచూపులైనా ఉద్యోగం చూపులైనా, ఆ బల్ల దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లాలో తెలిసినవాడే మంచి సర్వర్. ఖాళీ కప్పులు తీసే వంకతో చుట్టూ తిరిగేవాడు వ్యవహారం చెడగొడతాడు. కాఫీ తెచ్చి పెట్టి, మళ్లీ పిలిచేదాకా అటు చూడనివాడు రెండు కుటుంబాలకు మేలు చేసినవాడు.

అరకు నుంచి

కాఫీ అనుకున్నాం కాబట్టి ఆ కబురూ ఒకటి. ఈ చలిరోజుల్లోనే అరకు, పాడేరు కొండల్లో కాఫీ పండ్లు ఎర్రబడి కోతకొస్తాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన గిరిజన రైతులు పండినవి పండినట్టు ఏరి కోస్తారు. 2017లో అరకు పేరుతో పారిస్‌లో ఒక కొట్టు తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 మార్చిలో పార్లమెంటులో కూడా అరకు కాఫీ స్టాళ్లు పెట్టారు.

ధర సంగతీ తెలుసుకోవాలి. బ్రెజిల్‌లో వానలు సరిగా లేక, వియత్నాంలో దిగుబడి తగ్గి, 2024 చివర్లో అరబికా ధర 1977 నాటి రికార్డును దాటింది. 2025 ఫిబ్రవరిలో ఇంకా పైకి పోయింది. అందుకే ఫిల్టర్ కాఫీ కొట్లవాళ్లు పొడిలో చికోరీ వాటా పెంచుతున్నారేమోనని అనుమానం వస్తుంది. చట్టం ప్రకారం కాఫీ, చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చదవండి. మా గడ్డపోతారంలో కాఫీ అడిగితే ఒక పొట్లం చింపి పాలలో కలుపుతారు. నురగ కోసం రెండు కప్పుల మధ్య ఎత్తి పోస్తారు. అరకు రైతు చూస్తే నొచ్చుకుంటాడు గానీ, చలికి అదే అమృతం.

కాఫీ సంగతి అలా ఉంచి, టీ అమ్మితే ఏమవుతారని ఇంకా ఎవరైనా అంటే ఒక సంగతి చెప్పండి. ‘టీ టైమ్’ కొట్లు పెట్టిన తంగెళ్ల ఉదయ్ శ్రీనివాస్ 2024 ఎన్నికల్లో కాకినాడ నుంచి ఎంపీ అయ్యారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో కేఫ్ నీలోఫర్ బాబూరావు ఆదిలాబాద్ నుంచి వచ్చి అదే హోటల్లో క్లీనర్‌గా చేరి, చివరికి యజమాని అయ్యారు. పక్కనున్న ఆస్పత్రుల రోగుల బంధువులకు ఉచితంగా తిండి పెడుతున్నారు. బల్లలు తుడిచినవాడికి బల్ల ముందు కూర్చున్నవాడి ఆకలి తెలుస్తుంది.

కూర్చోనిచ్చే చోటు

ఇన్ని కబుర్లూ ఒక చోటికే వస్తున్నాయి. కొట్టు మర్యాద నవ్వులోనో పలకరింపులోనో తేలదు, కూర్చోనిచ్చేటప్పుడు తేలుతుంది.

పాత హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్లు నిలిచింది ఈ గుణంతోనే. వన్ బై టూ చెప్పి, సాసర్లో పోసుకుని, గంటసేపు కూర్చున్నా లేవమనేవారు కాదు. అబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఉండేది. మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, పత్రికలవాళ్లు, రాజకీయాలవాళ్లు అక్కడే కొలువు తీరేవారు. ఒక చాయ్ ధరకు ఒక పూట కుర్చీ. ఆ లెక్కన యజమానికి ఏం మిగిలిందో గానీ, ఊరికి చాలా మిగిలింది.

ఈ గొడవ అమెరికాదాకా ఉంది. 2018 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలోని ఒక స్టార్‌బక్స్‌లో ఇద్దరు నల్లజాతి యువకులు ఒక మిత్రుడి కోసం ఎదురు చూస్తూ కూర్చున్నారు. ఇంకా ఏమీ కొనలేదు. మేనేజర్ పోలీసులను పిలిస్తే బేడీలు వేసి తీసుకుపోయారు. దేశమంతా గగ్గోలు. ఆ మే 29న ఎనిమిది వేలకు పైగా దుకాణాలను ఒక మధ్యాహ్నం మూసి సిబ్బందికి పాఠాలు చెప్పించారు. కొనకపోయినా ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని నియమం పెట్టారు. 2025 జనవరిలో ఆ నియమాన్ని తీసేసి, కొన్నవాళ్లే కూర్చోవాలన్నారు. అంత పెద్ద కంపెనీ ఏడేళ్లలో రెండుసార్లు మాట మార్చుకుంది ఒక కుర్చీ దగ్గరే.

మన దగ్గర పోలీసులను పిలవరు. కూర్చోమని పిలవరు, అంతే.

సాయంత్రం జనరల్ షిఫ్టు దిగాక చూడండి. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు గుంపుగా వస్తారు. కొట్టు ముందు బెంచీ నిండా మగవాళ్లు, సిగరెట్ పొగ. వాళ్లలో ఒకామె ముందుకొచ్చి “అన్నా, ఐదు చాయ్, పార్సిల్” అంటుంది. మాస్టర్ పాలిథిన్ కవర్లో వేడి చాయ్ పోసి, రబ్బరు బ్యాండు బిగించి, ఐదు ఖాళీ కప్పులు ఇస్తాడు. వాళ్లు ఆటోలు దాటి వేపచెట్టు కిందికి పోయి, కవరు మూల కొరికి కప్పుల్లోకి వంచుకుని నిలబడే తాగుతారు. నైట్ దిగినవాడికి ముందు నీళ్లిచ్చే మంచి మనిషే ఈ మాస్టర్. ఆ ఆడవాళ్లను రావద్దని ఆయన ఎప్పుడూ అనలేదు. కూర్చోండని కూడా ఎప్పుడూ అనలేదు.

క్యూసీలో పనిచేసే ఒకమ్మాయిని అడిగాను, కాఫీకి అంత డబ్బు పెట్టి మియాపూర్ దాకా ఎందుకని. “కాఫీ కోసం కాదు సార్. అక్కడ గంట కూర్చున్నా ఎవరూ అదోలా చూడరు. వాష్‌రూమ్ ఉంటది. ఫోన్ చార్జింగ్ పెట్టుకోవచ్చు. అమ్మతోటి నిమ్మళంగ మాట్లాడుకుంట.” రెండు వందల రూపాయల కప్పును నేను చాలాసార్లు వెక్కిరించాను. ఆమె కొంటున్నది గంటసేపు కుర్చీని అని విన్నాక వెక్కిరించే హక్కు నాకు లేదనిపించింది.

అయితే కుర్చీ కోసం అంత దూరం పోనక్కర్లేదని మా ఊళ్లోనే ఒక కొట్టు చూపిస్తోంది. భార్యాభర్తలు నడుపుతారు. చాయ్ కాచేది ఆయన, గల్లా ఆమెది. పక్కన రేకుల కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక స్టూలు, మూలన మంచినీళ్ల కుండ. ఆ వైపు సిగరెట్ లేదు. ఆడవాళ్లు కనపడగానే ఆమె “అక్కా, ఇటు రాండ్రి, ఈడ కూసోండ్రి” అని పిలుస్తుంది. ఐదు చాయ్‌లు అమ్ముడయ్యే చోట ఐదు సమోసాలు కూడా అమ్ముడవుతాయి, ఎందుకంటే కూర్చున్నవాళ్లే తింటారు. ఈ లెక్క మా మాస్టర్‌కు చెప్పాను. “బెంచీ ఏడ వెయ్యాలె సార్, జాగ లేదు” అన్నాడు. సిగరెట్ తాగేవాళ్లను నాలుగడుగులు అవతలికి పంపితే జాగ అదే వస్తుంది.

పండక్కి ముందు కొన్ని కోరికలు

సంక్రాంతికి మా వాడ సగం ఖాళీ అవుతుంది. శ్రీకాకుళం వాళ్లు రైళ్లకు, ఖమ్మం వాళ్లు బస్సులకు. జనవరి ఒకటినుంచే నాంపల్లిలో నుమాయిష్. 1938 నుంచి జరుగుతున్న ఆ ఎగ్జిబిషన్‌కు జీతాలు పడ్డ వారంలో మావాళ్లు ట్రాలీ ఆటోల్లో పోతారు. సంక్రాంతి దాటాక కొమురవెల్లి మల్లన్న జాతర ఉగాది దాకా. తిరిగేవాళ్లకు తిరిగినంత.

కానీ బిహార్, జార్ఖండ్ వాళ్లకు ఈ పండక్కి సెలవూ తక్కువే, ఊరూ దూరమే. వాళ్లు ఛఠ్‌కు పోలేక ఇక్కడే ఉండిపోయారు, సంక్రాంతికీ ఇక్కడే. రియాక్టర్‌కు పండగ లేదు, నడుస్తూనే ఉంటుంది. ఆ మూడు రోజులూ చాయ్ కొట్లన్నీ మూసుకుంటే నైట్ షిఫ్టు దిగినవాడు ఎక్కడ కూర్చోవాలి? అందుకే కొట్లవాళ్లు ముందే మాట్లాడుకుని రోజుకొకరు తెరిస్తే బాగుంటుంది. భోగి ఒకరు, పండగ ఒకరు, కనుమ ఒకరు. ఏ రోజు ఎవరి కొట్టో ఒక అట్ట మీద తెలుగులోనూ హిందీలోనూ రాసి గేటు దగ్గర కట్టండి.

మున్సిపాలిటీ వారికీ ఒక మాట. కొత్తగా పెద్దవాళ్లయ్యారు, బోర్డులు మారాయి, పన్నులు కూడా మారతాయి. గేట్ల దగ్గర ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి, చాయ్ కొట్ల వరస దగ్గర ఒక నల్లా, కప్పులు వేయడానికి ఒక డ్రమ్ము పెట్టించండి. గాజు గ్లాసులు తిరిగి రావాలన్నా ముందు కడగడానికి నీళ్లుండాలి కదా. కంపెనీలవారు ప్రహరీ గోడ బయట రెండు సిమెంటు బెంచీలు వేయించినా చాలు. క్యాలెండర్లూ డైరీలూ పంచే ఖర్చులో అవి వచ్చేస్తాయి.

మాస్టర్‌కు చెప్పాల్సింది చెప్పాను. వచ్చే నెల కబుర్లలో ఆడవాళ్లకు బెంచీ వేసిన కొట్టు ఏదో, ఏ గేటు ఎదుటో రాస్తాను. ఎవరు వేసినా అక్కడి చాయ్ నేనే తాగి వచ్చి రుచి కూడా చెబుతాను.